మీ బల్ల మీద ఉన్నవి రెండు ఫిర్యాదులు కావమ్మా, మూడు

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకీ అర్థం కావడానికి ముందు దాన్ని నా మాటల్లో క్లుప్తంగా చెప్తాను.

శ్రీకాకుళం జిల్లాలో ఒక యూనివర్సిటీ. మీరు అక్కడ కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తూ విద్యార్థుల వ్యవహారాలు కూడా చూస్తున్నారు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం నుంచి వచ్చిన పీజీ కుర్రాడొకడు గోడ పత్రికలో కార్టూన్ వేశాడు. ప్రార్థనతో జబ్బులు నయమవుతాయనే స్వస్థత కూటం, వేదిక మీద పాస్టరు, చేతిలో నూనె సీసా, పక్కనే ఖాళీగా పడున్న డయాలసిస్ మంచం. క్రైస్తవ విద్యార్థులు సంతకాలు పెట్టి ఫిర్యాదు ఇచ్చారు. దానికి పోటీగా ఇంకో జట్టు, బాలికల హాస్టల్లో ఆదివారం సాయంత్రం ఒక గదిలో జరిగే ప్రార్థన ఆపించమని ఫిర్యాదు ఇచ్చింది. పైవాళ్ళేమో ఆ కుర్రాణ్ణి సస్పెండ్ చేసి పోలీసులకు రాసేయండి, ప్రార్థన ఆపేయండి, గోడ పత్రిక కూడా పీకేయండి, గొడవ వదిలిపోతుంది అంటున్నారు. మీరు క్రైస్తవులు కాబట్టి ఏం చేసినా పక్షపాతం అంటారేమోనని మీ భయం.

చివర్లో ఒక్క వాక్యం రాశారు. కార్టూన్ ఫొటో క్లాసు వాట్సాప్ గ్రూపులో తిరిగినప్పుడు దాని కింద ముగ్గురు కుర్రాళ్ళు, సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర తెగ అమ్మాయిని పేరు పెట్టి, "కొండోళ్ళు, బియ్యం కోసం మతం మారినోళ్ళు" అని రాశారని. ఆ అమ్మాయి ఊరెళ్ళిపోయిందని.

మీరు దాన్ని చివరన, ఇంకా చాలా జరిగాయన్నట్టు రాశారు. నేనైతే దాన్నే మొదట పెడతాను. ఎందుకో చెప్పే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇరవయ్యారేళ్ళు రాజనీతి శాస్త్రం చెప్పాను. అందులో పదకొండేళ్ళు హాస్టల్ వార్డెన్‌ని, క్రమశిక్షణ కమిటీలోనూ ఉన్నాను. రిటైరై ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మీకు ఇవాళ ఎదురైనలాంటిదే ఒకటి నా చేతిలోకి వచ్చింది. నేను దాన్ని పాడుచేశాను.

అది దసరా వెళ్ళిన వారం. మా వైపు విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. సిరిమాను అంటే చింత మాను. ఏ ఊళ్ళో ఏ చెట్టో అమ్మవారే పూజారికి కలలో కనిపించి చెప్తుందని నమ్మకం. ఆ చెట్టు కొట్టి తెచ్చి, చెక్కి, దాని చివర పూజారి కూర్చుంటే గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. రెండో ఏడాది చదివే కుర్రాడొకడు దాని మీద కవిత రాసి హాస్టల్ గోడ పత్రికలో అంటించాడు. రెండు పంక్తులు నాకింకా గుర్తున్నాయి. "కలలోకి వచ్చింది నువ్వేనా తల్లీ, లేక నీ చీర కట్టుకున్న గొడ్డలా?"

ఆ సాయంత్రం నా గదికి మొదట వచ్చింది గుంపు కాదు. ఒక్కడే వచ్చాడు. గజపతినగరం వైపు కుర్రాడు, నెమ్మదస్తుడు. గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఆడు రాసినది సూసినారా? నాకు జొరం తగ్గాలని మాయమ్మ ఆ తల్లికి మొక్కుకుంది సార్. మరైతే మాయమ్మ ఎర్రిదేటి?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. మనోభావాలు దెబ్బతినడం అనే మాట పేపర్లలో చదివి చదివి మనకు విలువ లేకుండా పోయింది గానీ, ఆ పిల్లాడి మొహం చూసినవాళ్ళెవరూ అది ఉత్తదే అనలేరు.

గంట తిరక్కుండా గుంపు వచ్చింది. వాళ్ళతో క్యాంపస్‌కి సంబంధం లేనివాళ్ళు కూడా కొందరు. నేను భయపడ్డాను. కవిత నా చేత్తోనే చింపేశాను. రాసిన కుర్రాణ్ణి పిలిపించి క్షమాపణ లేఖ రాయించి, ఆ రాత్రి మెస్సులో అందరూ కంచాల ముందు కూర్చుని ఉండగా నిలబెట్టి చదివించాను. చదివాడు. గొంతు తడబడలేదు. ఆ తర్వాత గోడ పత్రికలో అతని పేరు ఎప్పుడూ కనిపించలేదు. ఆ సెమిస్టర్ అయ్యాక హాస్టల్ ఖాళీ చేసి ఊళ్ళోకి గదికి వెళ్ళిపోయాడు.

పరీక్షలైన రోజు గజపతినగరం కుర్రాడు మళ్ళీ వచ్చాడు. "నేను ఆడి సేత సమాపన సెప్పించమన్లేదు సార్. మాయమ్మ సంగతి ఆడికి సెప్పాలనుకున్నాను. మీరు సెప్పనివ్వలేదు" అన్నాడు. ఇద్దరికీ అన్యాయం చేశానని అప్పుడు తెలిసింది. ఒకడి మాట చింపేశాను, రెండోవాడి మాట నోట్లోనే ఉంచేశాను. బయటి గుంపు అడిగింది మాత్రం తీర్చి పంపాను.

ఇక మీ సంగతికి వస్తాను. ముందు చట్టం, ఎందుకంటే మతాన్ని అవమానించడం మీద ఉన్న 299వ సెక్షన్ చూపించి మిమ్మల్ని బెదిరిస్తున్నారు.

అది పాత శిక్షాస్మృతిలో 295ఏ. 1927లో, లాహోర్‌లో వచ్చిన ఒక పుస్తకం మీద గొడవలయ్యాక తెచ్చారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందులో అసలు పట్టు ఒక్క మాట మీదే ఉంది: బుద్ధిపూర్వకంగానే కాదు, దురుద్దేశంతో కూడా మతాన్నో మత విశ్వాసాల్నో అవమానించి ఉండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. చెబుతూనే, అజాగ్రత్తగానో తెలియకనో దురుద్దేశం లేకుండా చేసిన అవమానం దీని కిందకు రాదని గీత గీసింది. మన రాష్ట్రంలోనే చూడండి. మహేంద్ర సింగ్ ధోనీని విష్ణుమూర్తిలా చూపిస్తూ ఒక పత్రిక ముఖచిత్రం వేస్తే అనంతపురంలో కేసు పడింది. 2017లో సుప్రీంకోర్టు దురుద్దేశం ఎక్కడా కనిపించడం లేదని దాన్ని కొట్టేసింది.

పోలీసులకు రాసేస్తే చేతులు కడుక్కోవచ్చని మీ పైవాళ్ళు అనుకుంటున్నట్టున్నారు. అంత తేలిక కాదు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాల్లో, ఎఫ్‌ఐఆర్‌కి ముందే డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేయడానికి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 173(3) వీలిచ్చింది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, ఒక కవిత మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఈ సెక్షన్ని గుర్తు చేసింది. మాటల ప్రభావాన్ని స్థిరమైన మనసు, ధైర్యం ఉన్న మనిషి కొలతతో చూడాలి గానీ ప్రతిదానికీ బెదిరిపోయే మనసు కొలతతో కాదని కూడా చెప్పింది. పైగా 299 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి, అది అదే సురక్షా సంహితలో 217వ సెక్షన్. ఇవన్నీ దాటి ఆ కేసు నిలబడకపోవచ్చు. కానీ ఈలోగా ఆ కుర్రాడి రెండేళ్ళు పోతాయి. పాస్‌పోర్టు, ఉద్యోగం, పోలీస్ వెరిఫికేషన్ అన్నిట్లోనూ అది వెంటాడుతుంది. ఒక విద్యార్థిని పోలీసులకు అప్పగించే ముందు యూనివర్సిటీ ఇది తలుచుకోవాలి.

రామతీర్థం బోడికొండ మీద 2020 డిసెంబరులో కోదండరాముడి విగ్రహం ధ్వంసం చేశారు. అలాంటిది నేరం, అందులో రెండో మాట లేదు. పూజావస్తువుల్ని పాడుచేయడానికి చట్టంలో వేరే సెక్షనే ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లో కూడా ఎవరికీ అన్నం సయించలేదు. అందుకే అంటున్నాను, ఆ ధ్వంసాన్నీ ఈ కార్టూన్‌నీ ఒక గాటన కట్టకండి. అదే రామతీర్థం కొండల మీద బౌద్ధుల ఆరామాలున్నాయి, జైనుల ఆనవాళ్ళున్నాయి, కింద రాముడి గుడి ఉంది. ఒకరి దేవుణ్ణి, ఒకరి కర్మసిద్ధాంతాన్ని ఇంకొకరు ప్రశ్నించుకుంటూనే శతాబ్దాలు గడిపినవాళ్ళు వీళ్ళు. దేవుడి మీద ప్రశ్న మన నేలకి కొత్త కాదు.

సరే, కార్టూన్. దాన్ని నేను చూడలేదు, మీరు వర్ణించినదాన్ని బట్టి చెప్తున్నాను. అందులో ఏసుప్రభువు లేడు, బైబిల్ లేదు, ఫలానా పాస్టరని పేరు లేదు. ఒక ఆచారం ఉంది, దాని పక్కన ఖాళీ మంచం ఉంది. ఉద్దానం కుర్రాడు డయాలసిస్ మంచం బొమ్మ వేశాడంటే, అమ్మా, అది అతను ఎక్కడో చదివి వేసింది అయ్యుండదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, కంచిలి, ఏ మండలమైనా తీసుకోండి, కిడ్నీలు పోయిన మనిషి లేని వీధి అరుదు. అతని చిన్నాన్న డయాలసిస్ మానేసి కూటాలకు తిరిగాడని మీరే రాశారు. అంటే ఆ బొమ్మలో ఎగతాళి కంటే దుఃఖం ఎక్కువ ఉంది. అది క్రైస్తవ పిల్లలకు కనిపించలేదు. కనిపించనక్కర్లేదు కూడా, వాళ్ళకు కనిపించింది తమ ప్రార్థనని వెక్కిరించడం. కొబ్బరినూనె రాసి ప్రార్థించుకున్న అమ్మమ్మ వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉంటుంది.

కాబట్టి ఆ ఫిర్యాదుని చెత్తబుట్టలో వేయకండి, శిక్షగానూ మార్చకండి. సంతకం పెట్టినవాళ్ళలో నలుగుర్ని పిలవండి. గుంపుని కాదు, నలుగుర్నే. బయటివాళ్ళెవరినీ గదిలోకి రానివ్వకండి. కార్టూన్ వేసిన కుర్రాణ్ణి విడిగా పిలిచి మాట్లాడండి. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఎదురెదురుగా కూర్చోబెట్టండి. క్షమాపణ అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. అతనికి చెప్పాలనిపిస్తే అతనే చెప్తాడు. చెప్పకపోయినా మీరు ఓడిపోయినట్టు కాదు. క్రైస్తవ విద్యార్థులకు గోడ పత్రికలో అదే కొలత స్థలం ఇవ్వండి, కార్టూన్ పక్కనే. నూనె రాసి ప్రార్థించే ఆచారం ఎందుకు వచ్చిందో, మందు మానమని తమ సంఘంలో ఎవరూ చెప్పరనో, చెప్తే తప్పనో, వాళ్ళకేం రాయాలనిపిస్తే అది రాయనివ్వండి. నేను చింపేసిన కవిత పక్కన ఆ గజపతినగరం కుర్రాడి చేత వాళ్ళమ్మ మొక్కు రాయించి ఉంటే ఆ గోడ ఎలా ఉండేదో అని నేనిప్పటికీ అనుకుంటూ ఉంటాను.

గోడ పత్రిక పీకేస్తే గొడవ పోదు, వాట్సాప్‌లోకి పోతుంది. పోయింది కూడా, చూశారుగా. గోడ మీద ఉన్నంతసేపు అది ఒక బొమ్మ. ఫోన్లలోకి వెళ్ళేసరికి ఒక అమ్మాయి పేరయింది.

ఇక మూడో సంగతి. కార్టూన్ ఒక ఆచారాన్ని అంది. ఆ ముగ్గురు ఒక మనిషిని అన్నారు. పక్క బెంచీలో కూర్చునే మనిషిని, పేరు పెట్టి, ఆమె తెగనీ పేదరికాన్నీ మతాన్నీ కలిపి. నా దృష్టిలో గీత అక్కడే ఉంది. నమ్మకాన్ని ఎంత గట్టిగా ప్రశ్నించినా యూనివర్సిటీ ఓర్చుకోవాలి. నమ్మినందుకు ఒక విద్యార్థిని తరగతికి రాలేని పరిస్థితి తెస్తే ఒక్కరోజు కూడా ఓర్చుకోకూడదు. దీనికి మతాల సెక్షన్లు వెతకనక్కర్లేదు. యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనలకు 2016లో చేసిన సవరణ చూడండి. మతం, కులం, జాతి, పుట్టిన చోటు, మాట్లాడే భాష, ఆర్థిక స్థితి, వీటిలో దేన్ని పట్టుకుని తోటి విద్యార్థిని శారీరకంగానో మానసికంగానో వేధించినా అది ర్యాగింగే. జూనియరే కానక్కర్లేదు. మీ యూనివర్సిటీలో ర్యాగింగ్ నిరోధక కమిటీ కాగితం మీదైనా ఉండే ఉంటుంది. రేపే కూర్చోబెట్టండి. గ్రూపు స్క్రీన్‌షాట్లు తేదీ, సమయం కనిపించేలా భద్రం చేయండి, లేకపోతే డిలీట్ చేసేస్తారు.

అప్పుడే ఎవరో ఒకరు, "మతం మారింది కదా, ఇంకా ఎస్టీ ఏమిటి" అని అంటారు. నేను చాలాసార్లు విన్నాను. అది తప్పు. మతాన్ని బట్టి హోదా పోయే నియమం 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది, తెగల ఉత్తర్వులో లేదు. సవర అమ్మాయి చర్చికి వెళ్ళినా ఎస్టీయే. కాబట్టి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇక్కడ వర్తిస్తుందా అన్నది లాయరుని అడగాల్సిన ప్రశ్న. పోలీసుల దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం ఆ అమ్మాయి, వాళ్ళింటివాళ్ళు తేల్చుకోవాలి. మీరు తోడు వెళ్ళండి, ముందుండి లాగకండి, వెనక్కీ లాగకండి.

ఆ ముగ్గురికీ కూడా పద్ధతి ప్రకారమే వెళ్ళండి. ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబుకి గడువివ్వాలి, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. కోపంలో కేకలేసి పంపేస్తే రేపు హైకోర్టులో ఒక్క వాయిదాకే అది ఎగిరిపోతుంది. నిర్ణయం నచ్చనివాళ్ళకు 2023 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, ఆపైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ ఉన్నారని ఉత్తర్వులోనే రాయండి.

హాస్టల్ ప్రార్థన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణ చెప్పేది సంస్థ గురించి. నలుగురు అమ్మాయిలు తమ గదిలో పాటలు పాడుకోవడం గురించి కాదు, దానికి మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణ ఉంది. మా హాస్టల్లో నేను పెట్టిన నియమం మూడు మాటలే: మైకు, వేళ, పక్క మంచం. మైకు ఉండకూడదు, చదువు వేళ కాకూడదు, అదే గదిలో ఉన్న పిల్ల వద్దంటే ఇంకో చోటు చూసుకోవాలి. వద్దన్నవాళ్ళని రమ్మని పదేపదే పిలవకూడదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్ళ తెల్లవారుజాము శరణుఘోషకీ ఇదే, రంజాన్‌లో సహరీకి లేచే పిల్లలకీ ఇదే. మాలధారులకి మెస్సులో వేరే పొయ్యి పెట్టించాను, సహరీకి రాత్రే అన్నం పక్కన తీయించి పెట్టాను. ప్రార్థన ఆపాలంటున్నవాళ్ళని ఒక్కటి అడగండి: ఈ నియమం మాలకీ వర్తింపజేస్తే ఒప్పుకుంటారా అని. మా దగ్గర ఒప్పుకున్నారు. అప్పట్నుంచి దాని మీద ఫిర్యాదు రాలేదు.

1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం అప్పుడు నిలబడ్డారు గానీ, తమ మతం ఒప్పదని పాడలేదు. బడి నుంచి పంపేశారు. తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి వాళ్ళని తిరిగి చేర్చుకోమంటూ 1986లో సుప్రీంకోర్టు తీర్పు రాశారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చేయకండి అని అందులో ఉంటుంది. నేను ఏటా మొదటి క్లాసులో ఈ మాట బోర్డు మీద రాసేవాణ్ణి. పాడనివాడికిచ్చిన ఆ రక్షణే ప్రార్థించే అమ్మాయిలకీ, బొమ్మ వేసిన కుర్రాడికీ నీడ. ఒకరి మీద నుంచి తీసేస్తే రెండోవారి మీదా ఉండదు. ఇది మీ పైవాళ్ళకి ఇలాగే చెప్పండి.

మీరు క్రైస్తవులన్న సంగతి. మా ఇంట్లో తరతరాలుగా పైడితల్లి అమ్మవారికి మొక్కుతాం. ఆ కవిత మీద విచారణ చేసినప్పుడు నువ్వు పక్షపాతివి కదా అని నన్ను ఒక్కరూ అడగలేదు. నిజానికి అడగాల్సింది. మిమ్మల్ని మాత్రం అడుగుతారేమోనని ముందే భయపడుతున్నారు. తప్పుకోకండి. తప్పుకుంటే ఎక్కువమంది మతంవాళ్ళే నిష్పక్షపాతంగా ఉండగలరన్నది రూలైపోతుంది. మినిట్స్‌లో మొదటి వాక్యంగా మీరే రాయించండి, నేను ఫలానా మతానికి చెందినదాన్ని అని. మిగతా సభ్యులూ అలాగే రాయాలని అడగండి. కార్టూన్ ఫైలు మీద ఇంకొకరి సంతకం కూడా తీసుకోండి. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి, పైవాళ్ళు నోటితో చెప్పిన ప్రతిదాన్నీ "మీరు ఇలా చెప్పినట్టు అర్థం చేసుకున్నాను" అని అదే రోజు వాళ్ళకి ఈమెయిల్ చేయండి. పోలీసులకు రాసేయమన్న మాట కాగితం మీద అడిగితే చాలామంది వెనక్కి తగ్గుతారు, నేను చూశాను.

వీటన్నిటికంటే ముందు ఆ సీతంపేట అమ్మాయికి ఫోన్ చేయండి. కమిటీ తరఫున కాదు, మీరుగా. కొండ మీద సిగ్నల్ ఉండదు, సాయంత్రం అక్కడి గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) హాస్టల్లో ఎవరినైనా పట్టుకుని కబురు పెట్టండి. సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడో చూడండి. హాజరు తగ్గిపోతుంటే ఈ రోజులు మినహాయించమని ఇవాళే నోట్ పెట్టండి. తిరిగి వచ్చేనాటికి ఆ ముగ్గురున్న ప్రాక్టికల్ బ్యాచ్ నుంచి ఆమెని మార్చొద్దు, మార్చాల్సి వస్తే వాళ్ళని మార్చండి.